ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌కు సర్వర్లు, నెట్‌వర్క్ ప్రణాళిక వేయడం ఎలా?

‘ఎన్ని సర్వర్లు కావాలి?’ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పని చేతికి వచ్చినవారు మొదట అడిగే ప్రశ్న ఇదే. జవాబు చెప్పడం తేలికే. నాలుగంటే నాలుగు, పన్నెండంటే పన్నెండు. అన్ని ఎందుకని కొనుగోలు కమిటీలోనో ఆడిట్‌లోనో అడిగినప్పుడు నోట మాట రాదు. సర్వర్ల సంఖ్య ఈ పనిలో చివర్లో తేలాల్సిన అంకె. ఏ యంత్రం ఏ యంత్రంతో, ఏ దారిలో, ఎందుకు మాట్లాడుతుందో ముందు తేలాలి.

చిన్న సంస్థలో ఒక పోర్టు (యంత్రంలో ఒక్కో సేవకు ఉండే, నంబరు గల ద్వారం) తెరవడం మరిచిపోతే అరగంటలో తెరిపించుకోవచ్చు. ప్రభుత్వ కార్యాలయంలో అదే పోర్టుకు లేఖ, ఆమోదం, మార్పుల కమిటీ, సవరణతో మళ్లీ లేఖ. పైగా సాఫ్ట్‌వేర్ రాసేది ఒకరు, డేటా సెంటర్ నడిపేది మరొకరు, కార్యాలయాల మధ్య లైన్లు చూసేది ఇంకొకరు, సంతకం పెట్టేది వేరొకరు. మీరు బదిలీ అయి వెళ్లాక కూడా ఇంకొకరు చదివి అమలు చేయగలిగేలా ప్రణాళిక కాగితం మీద ఉండాలి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- అప్లికేషన్‌లో ఎన్ని భాగాలున్నాయో అభివృద్ధి బృందం రాసి ఇచ్చిన పత్రం. ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.
- బయటి సేవల జాబితా: చెల్లింపులు, ఎస్ఎంఎస్, ఈమెయిల్, గుర్తింపు ధ్రువీకరణ, ఇతర శాఖల డేటా.
- సాఫ్ట్‌వేర్ వాడే కార్యాలయాలు, ఒక్కోదాని ఐపీ శ్రేణి (అక్కడి యంత్రాల నెట్‌వర్క్ చిరునామాలు), లైన్ వేగం.
- డేటా సెంటర్‌లో ఇప్పటికే వాడుకలో ఉన్న చిరునామాలు, పోర్టు తెరిపించడానికి వాళ్లు అడిగే ఫారం.
- గడిచిన రెండు మూడేళ్ల దరఖాస్తుల లెక్క. కాగితం రిజిస్టర్ అయినా చాలు.
- డేటా ఎక్కడ ఉండాలి, ఎన్నేళ్లు దాచాలి అన్న నిబంధనల ప్రతి.

ఇవన్నీ చేతికి రావడానికి రెండు వారాలు పట్టినా పరవాలేదు. రాకుండానే మొదలుపెడితే రెండు నెలలు పడుతుంది.

1. ఎవరు ఎవరితో మాట్లాడతారో రాయండి

ఒక పెద్ద కాగితం తీసుకుని ఒక్క దరఖాస్తు ప్రయాణాన్ని గీయండి. పౌరుడు పేజీ తెరిచాడు, ఓటీపీ వెళ్లింది, పత్రాలు ఎక్కించాడు, రుసుము కట్టాడు, గుమాస్తా పరిశీలించాడు, అధికారి సంతకం చేశాడు, ధ్రువపత్రం తయారైంది. ప్రతి అడుగు దగ్గరా ఒక బాణం వేయండి. బాణం మొదలు ఎటు ఉందో ముఖ్యం, ఎందుకంటే కనెక్షన్ ఎవరు మొదలుపెడతారో ఫైర్‌వాల్‌కు (ఏ కనెక్షన్‌ను పోనివ్వాలో, దేన్ని ఆపాలో చూసే కాపలాకు) అదే కావాలి. చెల్లింపు గేట్‌వే దగ్గర బాణాలు రెండు ఉంటాయి: మీరు వాళ్లను పిలిచేది, రుసుము అందిందని వాళ్లు మిమ్మల్ని పిలిచేది. రెండోదాన్ని మరిచిపోవడం ఎంత మామూలంటే, ‘డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు’ అన్న ఫిర్యాదు వస్తే నేను ముందు చూసేది దాన్నే.

మనుషులకు కనబడని బాణాలు కూడా ఉంటాయి. బ్యాకప్, సమయం సరిచూసుకోవడం, డీఎన్‌ఎస్ (పేరుకు ఐపీ చిరునామా చెప్పే సేవ), లాగ్‌లు (జరిగినదాని నమోదులు) పంపడం, యాంటీవైరస్ నవీకరణ, ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్‌లు (లోపాల సవరణలు). డేటాబేస్ సర్వర్‌కు ఇంటర్నెట్ ఇవ్వకూడదని అందరూ ఒప్పుకుంటారు. అయితే దానికి ప్యాచ్‌లు ఎక్కడినుంచి వస్తాయని అడిగితే మౌనం. లోపలే ఒక ప్యాచ్ సర్వర్ పెట్టి, అన్నీ దాని నుంచే తీసుకునేలా రాయండి.

2. రద్దీ లెక్క వేయండి

సగటు చూసుకుని మోసపోవద్దు. ప్రభుత్వ సేవలకు రద్దీ చివరి రోజే. ఊహాజనిత అంకెలతో ఒక లెక్క చేసి చూపిస్తాను, మీ అంకెలు పెట్టి మళ్లీ చేయండి.

15 రోజుల గడువులో 1,20,000 దరఖాస్తులు అనుకుందాం. మూడో వంతు చివరి రోజే వస్తే 40,000. అందులో సగం మూడు గంటల్లో వస్తే 20,000 దరఖాస్తులు, 10,800 సెకన్లు: సెకనుకు సుమారు 1.85. ఒక్కో దరఖాస్తుకు 25 అభ్యర్థనలు వేసుకుంటే సెకనుకు 46. ఆ మూడు గంటల్లోనూ ఎగుడుదిగుళ్లు ఉంటాయి కాబట్టి మూడు రెట్లు చేస్తే సుమారు 140. ఈ భారం ఇప్పటి మామూలు సర్వర్లు రెండు మూడింటికి పెద్దదేమీ కాదు.

ఇప్పుడు పత్రాల సంగతి చూడండి. ఒక్కొక్కరు 2 ఎంబీ ఫైళ్లు నాలుగు ఎక్కిస్తే 8 ఎంబీ. సెకనుకు 1.85 దరఖాస్తులంటే 14.8 ఎంబీ, అంటే సెకనుకు దాదాపు 118 మెగాబిట్లు. మూడు రెట్లు చేస్తే 350 దాటుతుంది. మీకిచ్చిన ఇంటర్నెట్ లైన్ 100 మెగాబిట్లదైతే పన్నెండు సర్వర్లు పెట్టినా సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. నిల్వ కూడా ఒక్క విడతకే 960 జీబీ. అడ్డంకి ప్రాసెసర్ దగ్గర కాదు, లైన్ దగ్గర ఉందని ఈ పది నిమిషాల లెక్క చెబుతుంది. లైన్ పెంచలేకపోతే ఫైలు పరిమాణానికి హద్దు పెట్టండి, లేదా కొన్ని పత్రాలను దరఖాస్తు తరువాతి రోజుల్లో ఎక్కించే వీలివ్వండి. దానికి ఖర్చు లేదు, ఒక ఉత్తర్వు చాలు.

3. ఎంతసేపు ఆగవచ్చో శాఖ చేత చెప్పించండి

రెండు ప్రశ్నలు, రెండు అంకెలు. ఆగిపోతే ఎన్ని గంటల్లో లేవాలి? లేచాక ఎన్ని నిమిషాల డేటా పోయినా భరించగలరు? ‘ఒక్క నిమిషం కూడా ఆగకూడదు’ అనేది సహజంగా వచ్చే జవాబు. అప్పుడు ఖర్చు చూపించండి. ఏడాదికి 99.5 శాతం సమయం నడిస్తే చాలంటే దాదాపు 44 గంటలు ఆగవచ్చు, 99.9 శాతం అంటే 8 గంటల 45 నిమిషాలు. ఈ రెండింటి మధ్య తేడా ఇంకో సర్వర్ల జత, రాత్రి కాపలా ఉండే మనుషులు. శాఖ సంతకం పెట్టిన అంకె లేకుండా ముందుకు వెళ్లవద్దు. రేపు ఆగిపోయిన రోజున అదే మీకు అండ.

4. జోన్లుగా విడగొట్టండి

బయటివారికి కనిపించే ప్రాక్సీ (వారి అభ్యర్థనలు అందుకుని లోపలి సర్వర్లకు పంపేది) ఒక జోన్, అప్లికేషన్ ఒకటి, డేటాబేస్ ఒకటి, నిర్వహణ ఒకటి, బ్యాకప్ ఒకటి. ఐదు చాలు. ఒక్కో జోన్‌కు వేరే వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద విడగొట్టిన నెట్‌వర్క్), వేరే సబ్‌నెట్ (చిరునామాల ముక్క), మధ్యలో ఫైర్‌వాల్. పదిహేను జోన్లు గీసి తెచ్చిన పటాలు చూశాను. ఆరు నెలలు తిరిగేసరికి విసుగెత్తి అన్నిటి మధ్యా అన్ని పోర్టులూ తెరిచేస్తారు.

నిర్వహణ జోన్‌లో ఒక జంప్ సర్వర్ పెట్టి, ఎవరు ఏ సర్వర్‌లోకి వెళ్లాలన్నా దాని మీదుగానే వెళ్లేలా చేయండి. ఎవరికి వారికి వేరు లాగిన్, రెండో అంచె ధ్రువీకరణ. అందరికీ కలిపి ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే, ఎవరు ఏం మార్చారన్న ప్రశ్నకు జవాబు ఉండదు. సాఫ్ట్‌వేర్ సంస్థవారికి దూరం నుంచి ప్రవేశం ఇవ్వాల్సి వస్తే ముగింపు తేదీతోనే ఇవ్వండి.

పరీక్షా సర్వర్లను ఈ ఐదింటిలో దేనిలోనూ కలపవద్దు. పరీక్షా అప్లికేషన్‌కు అసలు ఎస్ఎంఎస్ సేవ తగిలించి ఉంటే ఒక రాత్రి వేలమందికి ‘మీ దరఖాస్తు తిరస్కరించబడింది’ అని సందేశాలు వెళ్లే ప్రమాదం ఉంది. అక్కడ వాడే డేటాలో పేర్లు, నంబర్లు మార్చి ఉండాలి.

5. చిరునామాలు పంచండి

లోపలి నెట్‌వర్క్‌లకు మూడు శ్రేణులున్నాయి, 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ప్రకారం: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. డేటా సెంటర్ వారు ఇచ్చిన ముక్కలోంచి జోన్లకు పంచండి. గీత తరువాతి అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నది: /26 అంటే 62 యంత్రాలు, /27 అంటే 30. నేడు ఆరు సర్వర్లే ఉన్నా /29 తీసుకోవద్దు. అందులో ఆరే పడతాయి, బయటికి దారి ఇచ్చే గేట్‌వేకు ఒకటి పోతే ఐదే.

పంచేముందు ప్రతి కార్యాలయం శ్రేణితోనూ పోల్చి చూడండి. ఒకచోట సాఫ్ట్‌వేర్ అన్ని కార్యాలయాల్లోనూ చక్కగా తెరుచుకునేది, ఒక్క కార్యాలయంలో తప్ప. రెండు రోజులు ఆ కార్యాలయం స్విచ్‌ను, లైన్‌ను, చివరికి అక్కడి కంప్యూటర్లను తిట్టుకున్నాం. ఫైర్‌వాల్ లాగ్‌లో ప్యాకెట్లు (నెట్‌వర్క్ మీద వెళ్లే డేటా ముక్కలు) లోపలికి వెళుతున్నట్టు స్పష్టంగా ఉంది. మూడో రోజు ప్రాక్సీ సర్వర్‌లోనే ప్యాకెట్లు పట్టి చూస్తే, అభ్యర్థన వస్తోంది, జవాబు మాత్రం బయటికి వెళ్లే నెట్‌వర్క్ కార్డు మీద కనబడటం లేదు. రూటింగ్ పట్టిక (ఏ చిరునామాకు ఏ దారో చెప్పేది) తెరిస్తే గుట్టు రట్టయింది. ఆ సర్వర్‌లో డాకర్ (అప్లికేషన్లను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది. అది మనం ఏమీ చెప్పకపోతే 172.17.0.0/16 శ్రేణిని తన లోపలి వంతెనకు (కంటైనర్లను కలిపే నెట్‌వర్క్‌కు) తీసుకుంటుంది. ఆ కార్యాలయం చిరునామాలు సరిగ్గా 172.17 తోనే మొదలవుతున్నాయి. జవాబులన్నీ సర్వర్ కడుపులోనే ఉన్న ఆ వంతెన వైపు పోతున్నాయి. డాకర్‌కు ఎవరూ వాడని వేరే శ్రేణి ఇచ్చి మళ్లీ మొదలుపెడితే ఐదు నిమిషాల్లో సరిపోయింది. కంటైనర్లు వాడుతున్నట్టయితే వాటి లోపలి శ్రేణులను కూడా మీ చిరునామాల పట్టికలో ఒక వరుసగా రాసుకోండి.

6. ఇప్పుడు సర్వర్లు లెక్కపెట్టండి

జోన్ వారీగా, పాత్ర వారీగా. ప్రాక్సీ రెండు. అప్లికేషన్ సర్వర్లు లెక్కకు తేలినన్ని, పైన ఒకటి, ఎందుకంటే రద్దీ రోజున ఒకటి పడిపోయినా మిగిలినవి మోయాలి. డేటాబేస్ ఒకటి ప్రధానం, ఒకటి నకలు. ప్రధానం పడిపోతే నకలు తనంతట తాను బాధ్యత తీసుకోవాలనుకుంటే మూడో ఓటు కావాలి. ఇద్దరే ఉండి మధ్యలో లైన్ తెగితే ఇద్దరూ ‘నేనే ప్రధానం’ అనుకునే ప్రమాదం ఉంది. మూడో ఓటుకు చిన్న యంత్రం చాలు.

రెండు ప్రాక్సీలను ఒకే భౌతిక సర్వర్ మీద వర్చువల్ యంత్రాలుగా (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన యంత్రాలుగా) పెట్టి జంట ఉందనుకోవద్దు. ఏ వర్చువల్ యంత్రం ఏ భౌతిక యంత్రం మీద ఉందో, ఏ రాక్‌లో ఉందో, ఆ రాక్‌కు రెండు వేర్వేరు విద్యుత్ మార్గాలు ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక్కడే దొర్లే ఇంకో తప్పు డేటాబేస్ కనెక్షన్లది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో అమరిక మార్చకపోతే గరిష్ఠంగా 100 కనెక్షన్లే. నాలుగు అప్లికేషన్ సర్వర్లకు ఒక్కోదానికి 50 చొప్పున పూల్ (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) పెడితే 200 అడుగుతాయి. పరీక్షల్లో ఎప్పుడూ బయటపడదు, రద్దీ రోజునే పడుతుంది. గుణించి చూసుకోండి, కావాలంటే మధ్యలో కనెక్షన్ పూలర్ (కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే సాఫ్ట్‌వేర్) పెట్టండి.

7. ఫైర్‌వాల్ పట్టిక తయారుచేయండి

మొదటి అడుగులోని ఒక్కో బాణం ఇక్కడ ఒక్కో వరుస అవుతుంది. నమూనా ఇది (టీసీపీ, యూడీపీ అనేవి డేటా పంపే రెండు పద్ధతులు):

| ఎక్కడి నుంచి | ఎక్కడికి | పోర్టు | ఎందుకు | ఎప్పటి వరకు |
|---|---|---|---|---|
| ఇంటర్నెట్ | ప్రాక్సీ 10.40.10.0/26 | టీసీపీ 443 | పౌరుల పేజీలు | శాశ్వతం |
| ప్రాక్సీ 10.40.10.0/26 | అప్లికేషన్ 10.40.20.0/26 | టీసీపీ 8443 | పేజీల అభ్యర్థనలు | శాశ్వతం |
| అప్లికేషన్ 10.40.20.0/26 | డేటాబేస్ 10.40.30.0/27 | టీసీపీ 5432 | డేటా | శాశ్వతం |
| జంప్ 10.40.40.5 | అన్ని సర్వర్లు | టీసీపీ 22 | నిర్వహణ | శాశ్వతం |
| అన్ని సర్వర్లు | సమయ సర్వర్లు | యూడీపీ 123 | గడియారం | శాశ్వతం |
| పాత డేటాబేస్ | డేటాబేస్ 10.40.30.0/27 | టీసీపీ 5432 | డేటా తరలింపు | తరలింపు ముగిసే తేదీ |

‘ఎందుకు’ అన్న గడి ఖాళీగా ఉన్న వరుసను పంపవద్దు. ‘అన్ని పోర్టులూ’ అని రాయవద్దు. ఆమోదం ఇచ్చేవారు తిప్పి పంపుతారు, పంపాలి కూడా. పట్టిక ఆఖరి వరుస ఎప్పుడూ ఒకటే: పైన లేనిదంతా నిషేధం, లాగ్‌లో నమోదు.

ఫైర్‌వాల్‌ను అడిగి తెలుసుకోవాల్సిన అంకె ఇంకొకటుంది: కదలిక లేని కనెక్షన్‌ను ఎంతసేపటికి తెంచేస్తుంది? చాలాచోట్ల అది గంట, లేదా అంతకంటే తక్కువ. లినక్స్ మాత్రం కనెక్షన్ బతికుందో లేదో చూసే మొదటి పలకరింపును, ఆ సౌకర్యం తెరిచి ఉన్నా, 7200 సెకన్ల దాకా పంపదు. లక్షణం ఇలా ఉంటుంది: పొద్దున్నే మొదట వచ్చిన గుమాస్తాకు లాగిన్ వేలాడుతుంది, మళ్లీ నొక్కితే తెరుచుకుంటుంది, ఆ తరువాత రోజంతా బాగుంటుంది. రాత్రంతా ఊరికే ఉన్న డేటాబేస్ కనెక్షన్లను ఫైర్‌వాల్ తెంచేసింది, ఆ సంగతి అప్లికేషన్‌కు తెలియదు. పలకరింపు వ్యవధిని 300 సెకన్లకు తగ్గిస్తే పీడ విరగడవుతుంది.

8. చిన్నవిగా కనిపించే నాలుగు సేవలు

గడియారం: అన్ని సర్వర్లూ ఒకే సమయ మూలాల నుంచి తీసుకోవాలి. నాలుగు మూలాలు ఇవ్వండి. రెండే ఇస్తే, రెండూ రెండు మాటలు చెప్పినప్పుడు ఏది తప్పో తెలియదు. గడువు రాత్రి 12 గంటలకు ముగిసే సేవలో రెండు సర్వర్ల మధ్య రెండు నిమిషాల తేడా కోర్టు దాకా వెళ్లగలదు.

లాగ్‌లు: వేరే సర్వర్‌కు ఎప్పటికప్పుడు పంపండి. ప్రాక్సీ వెనక ఉన్న అప్లికేషన్‌కు ప్రతి అభ్యర్థనా ప్రాక్సీ నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. అసలు చిరునామాను మోసే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ శీర్షికను చదివేలా అమర్చకపోతే ఏడాది లాగ్‌లోనూ ఒకే చిరునామా ఉంటుంది. ఆ శీర్షికను మీ ప్రాక్సీ నుంచి వస్తేనే నమ్మాలి, ఎవరైనా దాన్ని కల్పించి పంపగలరు కాబట్టి.

సర్టిఫికెట్లు: బహిరంగ టీఎల్ఎస్ సర్టిఫికెట్ల (సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు చూపేవి) గరిష్ఠ కాలపరిమితి 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. ఏడాదికోసారి లేఖ రాసి తెప్పించుకునే పద్ధతి ఇక సాగదు. వాటంతట అవే మారే ఏర్పాటు చేయండి, దానికి కావలసిన పోర్టును కూడా పట్టికలో చేర్చండి.

డీఎన్‌ఎస్: సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా ఐపీ చిరునామా నేరుగా రాయనివ్వవద్దు. పేరే రాయాలి.

9. రెండో చోటు, బ్యాకప్

రెండో డేటా సెంటర్ అదే విద్యుత్ ఉపకేంద్రం మీద, అదే కందకంలోని ఫైబర్ మీద ఉంటే అది రెండోది కాదు. దూరానికి వెల ఉంది. ఫైబర్‌లో ప్రతి 100 కిలోమీటర్లకు రాకపోకలకు కనీసం ఒక మిల్లీసెకను. 500 కిలోమీటర్ల అవతలి నకలు ‘అందింది’ అనేదాకా ఆగే పద్ధతి పెడితే ప్రతి నమోదుకూ కనీసం 5 మిల్లీసెకన్లు కలుస్తాయి. ఆగకుండా పంపే పద్ధతిలో ఆ భారం లేదు, కానీ ప్రమాదంలో చివరి కొన్ని సెకన్ల డేటా పోవచ్చు. మూడో అడుగులో శాఖ సంతకం పెట్టిన అంకెను తీసి చూసి నిర్ణయించండి.

నకలు బ్యాకప్ కాదు. ఎవరో పొరపాటున ఒక పట్టిక చెరిపేస్తే మరుక్షణమే నకలులోనూ చెరిగిపోతుంది. కనీసం ఒక బ్యాకప్ ప్రతి నెట్‌వర్క్‌కు తగలకుండా విడిగా ఉండాలి. తిరిగి తెచ్చుకోవడానికి పట్టే సమయం కూడా లెక్కించండి. 2 టీబీని 100 మెగాబిట్ల లైన్ మీద తేవాలంటే లైన్ పూర్తిగా మీదే అయినా 44 గంటలు పైమాటే. నాలుగు గంటల్లో లేస్తామని రాసిచ్చి ఉంటే ఇప్పుడే మార్చుకోండి.

10. సరిగా వచ్చిందో లేదో చూడండి

ఫైర్‌వాల్ పట్టిక తెచ్చుకుని ఒక్కో వరుసకు మొదటి గడిలోని సర్వర్ మీదనుంచే పరీక్షించండి. మీ ల్యాప్‌టాప్ నుంచి చేసిన పరీక్ష దేనికీ రుజువు కాదు.

- కనెక్షన్ కుదిరింది: టిక్ పెట్టండి.
- వెంటనే నిరాకరణ వచ్చింది: ప్యాకెట్ సాధారణంగా అవతలి సర్వర్ దాకా వెళ్లింది, అక్కడ సేవ నడవడం లేదు. అభివృద్ధి బృందాన్ని అడగండి.
- ఎంతకీ జవాబు లేదు: ఎక్కువసార్లు ఫైర్‌వాల్ మింగేసినట్టే. లేదా జవాబు వేరే దారిలో పోతోంది.

కుదరకూడనివి కూడా పరీక్షించండి. ప్రాక్సీ నుంచి డేటాబేస్‌కు ప్రయత్నిస్తే విఫలం కావాలి. ఈ సగాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు.

ప్రతి కార్యాలయం నుంచి పెద్ద ఫైలు ఒకటి ఎక్కించి చూడండి. లాగిన్ అవుతుంది, చిన్న పేజీలు వస్తాయి, పెద్ద ఫైలు మాత్రం వేలాడుతుందంటే దారిలో వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసిన రహస్య దారి) ఉండి ప్యాకెట్ పరిమాణం తగ్గిందేమో చూడండి. విడగొట్టవద్దన్న గుర్తుతో 1472 బైట్ల పింగ్ (జవాబు కోరే పరీక్షా ప్యాకెట్) పంపండి. శీర్షికల 28 బైట్లు కలిపితే 1500. అది వెళ్లక 1372 వెళితే సంగతి తేలినట్టే. వేలాడకుండా 413 అన్న లోపం వస్తే తప్పు లైన్‌ది కాదు, ప్రాక్సీది. ఎన్‌జిన్ఎక్స్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ అమరిక మార్చకపోతే 1 ఎంబీ దాటనివ్వదు.

తరువాత పగలే, అందరి ముందు, ఒక అప్లికేషన్ సర్వర్ ఆపండి. ఒక ప్రాక్సీ ఆపండి. ప్రధాన డేటాబేస్ ఆపి గడియారం చూడండి. బ్యాకప్ నుంచి ఖాళీ సర్వర్‌లోకి మొత్తం తిరిగి తెచ్చి, వరుసల సంఖ్య పోల్చి, పట్టిన సమయం రాసి సంతకాలు తీసుకోండి.

పాత వ్యవస్థ నుంచి మారే రోజుకు కనీసం రెండు రోజుల ముందు డీఎన్‌ఎస్ జవాబును ఇతరులు దాచుకునే కాలపరిమితిని 86,400 సెకన్ల నుంచి 300కు తగ్గించండి. అదే రోజు తగ్గిస్తే పాత విలువ ఇంకో రోజంతా లోకంలో తిరుగుతూనే ఉంటుంది. పాత సర్వర్‌ను వెంటనే కూల్చకుండా, చదవడానికి మాత్రమే వీలుగా ఉంచి నెల చూడండి. డేటా తరలింపు కోసం తెరిచిన వరుసను మూయమనే లేఖను మాత్రం తెరవమని లేఖ రాసిన రోజే రాసి, తేదీ వేసి, ఫైల్లో పెట్టుకోండి.